పదోవాడు లేచేదాకా

పారా హిల్స్ వాసుదేవరావు జీవిత చరిత్ర ఇంతవరకూ ఎవరూ రాయలేదు. రాయదలుచుకున్నవాళ్ళకి పెద్ద శ్రమ కూడా లేదు. ఒక్క వాక్యంలో అయిపోతుంది: ఆయన డ్రాపు చేశాడు.

రమ్మీ ఎరిగినవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఎరగని పుణ్యాత్ములకి చెప్పాలి. పదమూడు ముక్కలూ చేతికి రాగానే చూసుకుని, బాగాలేవనిపిస్తే ఆ ఆట మొదట్లోనే వదిలేసుకోవచ్చు. పాతిక పాయింట్లతో పోతుంది. ఆశకి పోయి కాసేపు ఆడి మధ్యలో వదిలితే యాభై. ఆఖరిదాకా కూర్చుని ఓడితే ఎనభై. మొత్తం రెండొందల ఒకటి నిండితే మనిషి బయటికి. అంచేత తెలివైనవాడు మొదట్లోనే వదులుతాడు. వాసుదేవరావు తెలివైనవాడు. పెద్దాపురంలో తొమ్మిదో ఏట మేనమామ పక్కన కూర్చుని ఈ సూత్రం నేర్చుకున్నాడు, ఆ తర్వాత నేర్చుకున్నవేవీ దీన్ని దాటి పోలేదు.

డెబ్బై ఒకటిలో ఆడిలైడ్ వచ్చాడు. ది లెవెల్స్‌లోని ఇన్‌స్టిట్యూట్‌లో సర్వేయింగ్ లెక్చరరు. ఇరవయ్యేళ్ళపాటు ఆస్ట్రేలియా కుర్రాళ్ళకి ఆస్ట్రేలియా నేలని ఎలా కొలవాలో నేర్పాడు. శాఖాధిపతి పదవి ఖాళీ అయితే అప్లికేషన్ నింపి, కవర్లో పెట్టి, స్టాంపు అతికించి, సొరుగులో పెట్టుకున్నాడు. అది పాతిక పాయింట్ల డ్రాపు. పిహెచ్.డి. మూడో అధ్యాయందాకా వచ్చి ఆగిపోయింది. అది మిడిల్ డ్రాపు. ఇళ్ళ వేలంపాటలకి నాలుగుసార్లు వెళ్ళి నాలుగుసార్లూ అవతలివాడు గొంతు సవరించుకోగానే విరమించుకున్నాడు. ఐదోసారి వేరే పాటగాడెవడూ రాకపోవడంవల్ల ఆయనకొక ఇల్లు ఏర్పడింది.

"మీకు నేనెలా దక్కానో నాకిప్పటికీ అర్థం కాదు" అనేది భార్య ఉదయలక్ష్మి.

"ఆ రోజు మా నాన్న నా ముక్కలు తనే పట్టుకున్నాడు" అనేవాడు ఆయన.

ఇంత జాగ్రత్తపరుడు జీవితంలో ఒకే ఒక్కసారి ఆఖరిదాకా ఆడాడు. అదీ కోపంలో.

ఆయన స్నేహితుడు రామచంద్ర. కరెంటు సంస్థలో ఇంజనీరు, ఆజానుబాహువు, నవ్వితే పక్కింటి కుక్క మొరిగేది. పదిహేనేళ్ళు ప్రతి శనివారం మధ్యాహ్నం రామచంద్ర ఇంట్లో రమ్మీ. రామచంద్ర, వాసుదేవరావు, డాక్టర్ ద్వారకానాథ్, నాలుగో కుర్చీలో ఆ ఏడాది ఎవరు దొరికితే వాళ్ళు. రామచంద్ర భార్య శాంతి బజ్జీలు వేసేది. వాసుదేవరావుని అన్నయ్యా అని పిలిచేది. వరస కలిసి కాదు, ఇష్టంవల్ల. ఆయనకి తోడబుట్టిన ఆడపిల్లలు లేరు. ఆ పిలుపు వినబడినప్పుడల్లా ముక్కలు సర్దుకుంటున్నట్టు తల వంచుకునేవాడు.

ఎనభై ఎనిమిదిలో ఒక శనివారం వాసుదేవరావు తన ఆట అయిపోయిందని విజయగర్వంతో షో చెప్పి ముక్కలు బల్లమీద పరిచాడు. రామచంద్ర వంగి చూసి, వేలితో ఒక ముక్క పక్కకి తోసి, షోకి తప్పనిసరైన, జోకరు లేని సీక్వెన్సు ఒక్కటీ లేదని తేల్చాడు. తప్పు షో. ఎనభై. అంతటితో పోయేదే. కానీ రామచంద్ర నవ్వాడు.

"ఇదేమిట్రా వాసూ! నీ పిహెచ్.డి. కూడా ఇలాగే షో చెప్పావా ఏమిటి?"

ద్వారకానాథ్ కూడా నవ్వాడు. నాలుగో కుర్చీ నవ్వింది. వాసుదేవరావు లేచి నిలబడి, నలుగురి సాక్షిగా, "ఇంక నీ గడప తొక్కను" అన్నాడు. అని, తొక్కి బయటికొచ్చాడు. బయటికి రావడానికి వేరే దారి లేదు కదా. శాంతి బజ్జీలు కాగితంలో చుట్టుకుని కారుదాకా పరిగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, ఆయన మాట పట్టించుకోకండి. ఇవి తీసుకెళ్ళండి, వేడిగా ఉన్నాయి." ఆయన "వద్దమ్మా" అని కారు స్టార్టు చేశాడు.

అదే ఆవిణ్ణి చూడడం ఆఖరు.

మూడు నాలుగు వారాల్లో రామచంద్ర ఫోన్ చేస్తాడని వాసుదేవరావు అనుకున్నాడు. రామచంద్ర కూడా అచ్చంగా అదే అనుకున్నాడు. ఇలా రెండేళ్ళు గడిచాయి. తొంభైలో శాంతికి జబ్బు చేసింది. లివరన్నారు. అది తెలిసే వేళకి మూడు వారాలు మిగిలాయి. సెప్టెంబరులో పోయింది. ఉదయలక్ష్మి ఒక్కతే వెళ్ళి శవాన్ని చూసి, ఏడ్చి, వచ్చి స్నానం చేసింది. వాసుదేవరావు ఆ రోజు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి, రెండో సంవత్సరం పిల్లలకి వాలుని కొలవడం గురించి రెండు గంటలు పాఠం చెప్పాడు.

మనవాళ్ళలో పలకరింపు అని ఒకటుంది. ఇంట్లో మనిషి పోతే వెళ్ళి పలకరించాలి. పెద్దగా మాట్లాడక్కర్లేదు. వెళ్ళి కూర్చుంటే చాలు, పోగొట్టుకున్నవాడే చెప్పుకుపోతాడు. జ్వరం ఎప్పుడొచ్చిందీ, ఏ డాక్టరేమన్నాడూ, ఆఖరిసారి ఏం తిన్నదీ. వచ్చిన ప్రతివాడికీ మొదట్నించీ చెప్పాలి, వచ్చిన ప్రతివాడూ కొత్తగా వినాలి. పదకొండు రోజుల్లోపు వెళ్ళినవాడు మనిషి. నెల్లోపు వెళ్ళినవాడికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. ఆ తర్వాత రోజు గడిచేకొద్దీ ఆ గడప ఎత్తు పెరుగుతుంది. వాసుదేవరావు మూడుసార్లు కారులో బయల్దేరి మూడుసార్లూ రామచంద్ర వీధి మలుపులో ఉన్న రౌండబౌట్ చుట్టూ తిరిగి ఇంటికొచ్చాడు. ఒకసారైతే రెండు చుట్లు తిరిగాడు.

"పలకరించారా?" అనేది ఉదయలక్ష్మి.

"ఇంట్లో లేడు."

"వెళ్ళారా అసలు?"

ఆయన పేపరు తెరిచేవాడు.

తొంభై ఒకటి మే నెలలో ద్వారకానాథ్ ఫోన్ చేశాడు. "ఏమయ్యా వాసుదేవరావూ, రామచంద్ర సంగతి విన్నావా? పోకరాడుతున్నాట్ట. సాల్స్‌బరీ దగ్గర క్లబ్బులో. ఇంట్లో ఒక్కడూ ఉండలేక వారానికి నాలుగు రోజులు అక్కడే పడుంటున్నాడు. ఈ శనివారం ఏదో టోర్నమెంటు ఉందిట, ఫైర్ బ్రిగేడ్ వాలంటీర్ల కోసం. ఫీజు కడితే ఎవరైనా ఆడొచ్చుట."

"నాకు పోకర్ రాదండీ."

"నిన్ను ఆడమన్నానా నేను? సంగతి చెప్పాను."

ఆ రాత్రి భోజనాల దగ్గర వాసుదేవరావు, ఒక క్లబ్బు ఎవరి గడపా కాదు అన్నాడు. ఉదయలక్ష్మికి అర్థం కాలేదు. బల్ల దగ్గర కూర్చున్నవాడు అతిథి కాదు, ఆటగాడు అన్నాడు. అదీ అర్థం కాలేదు. పదిహేనేళ్ళలో మేమిద్దరం ఏం మాట్లాడుకున్నా ముక్కలు చేతిలో పట్టుకునే మాట్లాడుకున్నాం అన్నాడు. ఇది అర్థమైంది. ఆవిడ పెరుగు వడ్డించింది.

శనివారం పొద్దున వాసుదేవరావు, దారిలో వెనక్కి తిప్పేస్తానేమోనని, కారు వదిలి బస్సులో క్లబ్బుకి వెళ్ళాడు. పది గంటలకి అరవై ముగ్గురు ఆటగాళ్ళు, బల్లకి తొమ్మిదిమంది చొప్పున ఏడు బల్లల ముందు ఆసీనులయ్యారు. సిగరెట్ పొగ, బీరు వాసన, గోడమీద మహారాణిగారి పటం. నిర్వహించేది కరోలిన్ అనే ఆవిడ. అరవయ్యేళ్ళుంటాయి, వెండిరంగు జుట్టు, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. అందరినీ 'లవ్' అని సంబోధిస్తుంది, ఎవర్నీ క్షమించదు.

ఆటగాళ్ళు ఓడి బల్లలు పల్చబడేకొద్దీ ఆవిడ మనుషుల్ని కలిపి బల్లలు తగ్గిస్తూ వస్తుంది. తొమ్మిదిమందే మిగిలాక అందరూ ఒకే బల్ల. వాసుదేవరావుకి కావలసింది ఆ బల్ల. గెలుపుతో ఆయనకి నిమిత్తం లేదు. పది గంటలకి మూడో బల్ల దగ్గర కూర్చుని తలెత్తితే ఏడో బల్ల దగ్గర రామచంద్ర కనిపించాడు. చిక్కిపోయాడు. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా ఉంది. రామచంద్ర కూడా ఆయన్ని చూశాడు. చూసి, తలొంచి, తన ముక్కల్ని అతి శ్రద్ధగా పరిశీలించాడు. అప్పటికింకా ముక్కలు పంచలేదు.

పన్నెండు గంటల విరామంలో రామచంద్ర తిన్నగా వెళ్ళి తన కారులో కూర్చున్నాడు. వాసుదేవరావు వెనకే వెళ్ళాడు. ఇరవై అడుగుల దూరంలో ఒక నోటీసు బోర్డుంది. అక్కడ ఆగి, లాన్ బౌల్స్ పోటీల ఫలితాలు, మహిళా విభాగంతో సహా, పూర్తిగా చదివి లోపలికొచ్చాడు. ఒక బల్లకి కూర్చోబెడితే తప్ప ఇది జరగదని అప్పుడాయనకి నిర్ధారణైంది. బల్ల దగ్గరైతే ఇద్దర్లో ఎవరూ కారుకి పారిపోలేరు.

పోకర్లో బ్లైండ్ అనే పన్నొకటుంది. ముక్కలు చూడకముందే వంతులవారీగా ఇద్దరు పందెం పెట్టి తీరాలి, ఒకడు పెద్దది, ఒకడు చిన్నది. ఇరవై నిమిషాలకోసారి అది పెరుగుతుంది. ఊరికే కూర్చున్నా కూర్చున్నందుకు కట్టాలన్నమాట. రమ్మీలో మొదటి డ్రాపు మనిషిని కాపాడుతుంది. ఇక్కడ డ్రాపు చేసేవాణ్ణి బ్లైండ్ కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఈ తేడా వాసుదేవరావుకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నలభై తొమ్మిదేళ్ళ అలవాటు వినేది కాదు. ముక్కలు వచ్చేవి, చూసేవాడు, వదిలేసేవాడు. మూడో బల్లలో వదిలాడు. అది చెదిరితే ఐదో బల్లకి పంపారు, అక్కడా వదిలాడు. చుట్టూ శూరులందరూ ఉన్నదంతా బల్ల మధ్యకి తోసి నేలకొరుగుతున్నారు. వాసుదేవరావు ఏ యుద్ధమూ చెయ్యకుండా, సైన్యం దానంతటదే కరిగిపోతున్న చిన్న రాజులాగా కూర్చున్నాడు.

రెండున్నరకి పదిమంది మిగిలారు. బల్లకి ఐదుగురు చొప్పున రెండు బల్లలు. అవతలి బల్ల దగ్గర రామచంద్ర ముందు పందెపు బిళ్ళలు గోడలా లేచి ఉన్నాయి. వాసుదేవరావు ముందు ఐదు బిళ్ళలున్నాయి. ఐదే. పెద్ద బ్లైండుకి రెండు, చిన్నదానికి ఒకటి. ఐదుగురే కాబట్టి వంతు ఇట్టే తిరిగొస్తోంది.

పక్క కుర్చీలో టోపీ పెట్టుకున్న లారీ డ్రైవరొకడు పొద్దున్నించీ ఈయన్ని గమనిస్తున్నాడు. "మేట్, ఏదో ఒకదాని మీద పెట్టెయ్. దేనిమీదైనా సరే. నువ్వు కరిగిపోతున్నావు" అన్నాడు జాలిగా.

"వెయిట్ చేస్తున్నాను" అన్నాడు వాసుదేవరావు.

"దేనికోసం?"

దేనికోసమంటే, పదోవాడు లేవడం కోసం. ఈ పదిమందిలో తను తప్ప ఇంకెవరైనా ఒక్కడు లేస్తే తొమ్మిదిమందీ ఒకే బల్ల. ఆ మాట డ్రైవరుతో అనలేక మందహాసం చేశాడు.

అప్పుడు ముక్కలొచ్చాయి. అంచు ఎత్తి చూశాడు. రాజు. రెండోది ఎత్తాడు. ఇంకో రాజు.

పొద్దున్నించీ వందకి పైగా ఆటల్లో రాని రాజులు ఇప్పుడు జంటగా దయచేశారు. పోకర్ రానివాడికి కూడా వీటి విలువ తెలుస్తుంది. పెడితే పదికి ఎనిమిదిసార్లు ఐదు పదవుతాయి, పది ఇంకా అవుతాయి. కానీ వాసుదేవరావు మిగతా రెండుసార్ల గురించే ఆలోచించాడు. ఆ రెండుసార్లలో ఆయన లేచి, కుర్చీ లోపలికి తోసి, బస్సెక్కి ఇంటికెళ్ళాలి. ఉదయలక్ష్మి తలుపు తీసి అడుగుతుంది. చెయ్యి బిళ్ళలమీదికి వెళ్ళింది. బిళ్ళలమీద కాసేపుంది. వెనక్కొచ్చింది.

రాజుల్ని మధ్యకి విసిరేశాడు. కంగారులో రెండూ తిరగబడి, గడ్డాలతో కత్తులతో పైకి చూస్తూ పడ్డాయి.

డ్రైవరు టోపీ తీశాడు. ఎవరో పోయినప్పుడు తీసినట్టే తీశాడు.

"ముప్ఫయ్యేళ్ళుగా ఆడుతున్నాను" అన్నాడు ఆఖరికి. "ఇలాంటిది చూళ్ళేదు. నీకు ఒంట్లో బాగానే ఉందా మేట్?"

"ఐయామ్ ఆల్‌రైట్" అన్నాడు వాసుదేవరావు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

తర్వాతి ఆటలో పెద్ద బ్లైండ్ ఆయనది. రెండు బిళ్ళలు పోయాయి, మూడు మిగిలాయి. ముక్కలు చూసుకోకుండానే వదిలాడు. కరోలిన్ కొత్త కట్ట కలుపుతోంది. చిన్న బ్లైండుకి ఇంకో బిళ్ళ చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే అవతలి బల్ల దగ్గర కేక వినబడింది. నల్లచొక్కా మనిషొకడు లేచి, తిట్టి, అందరితో కరచాలనం చేసి, బార్ వైపు నడిచాడు. వాసుదేవరావు ముందే అనుకున్నవాడిలా బిళ్ళ మళ్ళీ బల్లమీద పెట్టాడు.

"లాస్ట్ నైన్!" అని గంట వాయించింది కరోలిన్. "కంగ్రాచులేషన్స్ లవ్స్. సీట్లకి చీటీలు తియ్యండి. బ్లైండ్స్ డబులు."

చీటీ ప్రకారం ఆయన కుర్చీ రామచంద్రకి సరిగ్గా ఎదురు. బ్లైండ్ ప్రకారం పెట్టాల్సింది నాలుగు. ఉన్నవి మూడు. ఆ మూడూ ఆయన తొయ్యకముందే కరోలిన్ తోసేసింది. రమ్మీలో దీన్ని కంపల్సరీ అంటారు. ఇంక వదలడానికి వీల్లేదు, ఎలాంటి ముక్కలొచ్చినా ఆడాల్సిందే. మన బల్లల దగ్గర కంపల్సరీలో ఉన్నవాడంటే ఒక మర్యాద ఉంది. అందరూ పాపం అంటారు. శాంతైతే వాడికి ఒక బజ్జీ ఎక్కువ వేసేది.

రామచంద్ర ముక్కలు చూసుకుని పెంచాడు. మిగతా ఏడుగురూ వదిలేశారు. ఇద్దరే మిగిలారు. బల్లకి ఈ చివరొకరు, ఆ చివరొకరు.

రామచంద్ర కళ్ళెత్తాడు. కిందిరెప్పలు నల్లబడి ఉన్నాయి. మూడేళ్ళ తర్వాత ఆ ముఖాన్ని అంత దగ్గరగా చూసేసరికి, నెలల తరబడి తయారుచేసుకున్న మాటలన్నీ వాసుదేవరావుకి పోయాయి. ఇంగ్లీషులో అందామా అనుకున్నాడు. ఏమంటాడు? సారీ అంటాడా? ట్రాములో కాలు తొక్కినా అదే మాట.

"రామూ" అన్నాడు. "శాంతి పోయిందని తెలిసీ రాలేదురా. రావాల్సింది. మూడుసార్లు మీ వీధిదాకా వచ్చాను. నాకు మొహం చెల్లలేదు."

"ఇంగ్లీష్ ఓన్లీ ఎట్ ద టేబుల్!" అంది కరోలిన్.

ఆవిడ గోడ వైపు వేలు చూపించింది. మహారాణి పటం కింద నియమావళి ఉంది. ఆట నడుస్తుండగా బల్ల దగ్గర ఇంగ్లీషు తప్ప వేరే భాష కూడదు, మాట్లాడినవాడి ముక్కలు చెల్లవు. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. ఇద్దరు తమ భాషలో ముక్కలు చెప్పుకుని మూడోవాణ్ణి ముంచకూడదు. అలాంటి ఇద్దరు ఇలాంటిది చెప్పుకుంటారని వాళ్ళు ఊహించి ఉండరు.

"హీ సెడ్ సమ్‌థింగ్ టు యూ, రామ్" అంది కరోలిన్. "ఏమన్నాడు?"

రామచంద్ర ఒక బిళ్ళ తీసి వేళ్ళమధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"ముక్కల గురించి కాదు" అన్నాడు ఇంగ్లీషులో. "ఇంటి విషయం."

"అయామ్ సారీ లవ్, రూల్ ఈజ్ రూల్. హ్యాండ్ ఈజ్ డెడ్." కరోలిన్ వాసుదేవరావు ముక్కల్ని తిప్పకుండానే వదిలేసిన ముక్కల్లో కలిపేసింది. మూడు బిళ్ళల్నీ రామచంద్ర బిళ్ళల గోడ వైపు నెట్టింది. డ్రైవరు ఏదో అభ్యంతరం చెప్పబోయాడు గానీ ఎవరూ వినలేదు.

వాసుదేవరావు లేచి నిలబడ్డాడు. రామచంద్ర కూడా సగం లేచాడు.

"థాంక్యూ, వాసుదేవరావ్" అన్నాడు. పూర్తి పేరుతో, ఇంగ్లీషులో. కూర్చున్నాడు.

అంతే అయింది పలకరింపు.

బయటికెళ్ళే దారిలో బల్ల వేసుకుని కూర్చున్న ఒకామె వాసుదేవరావుని ఆపి, తొమ్మిదో బహుమతి ఇచ్చింది. పెద్ద ప్లాస్టిక్ పళ్ళెం, దాన్నిండా మంచుమీద పేర్చిన గొర్రెమాంసం ముక్కలు, సాసేజీలు, పైన ఒక కొత్తిమీర రెమ్మ. వాసుదేవరావు ముట్టడు, ఏడు తరాలుగా వాళ్ళింట్లో ఎవరూ ముట్టలేదు. "వెల్ డన్, లవ్" అంది ఆమె. వద్దని ఎలా చెప్పాలో తెలియక రెండు చేతులా అందుకున్నాడు.

బయట లాన్ బౌల్స్ మైదానం. తెల్లబట్టల ముసలివాళ్ళు నల్లబంతులు దొర్లిస్తున్నారు. వాళ్ళవైపు తిరిగి ఉన్న బెంచీమీద పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది.

మూడున్నరకి లోపల విరామం గంట మోగింది. తలుపు తెరుచుకుంది. రామచంద్ర కారువైపు వెళ్ళలేదు. వచ్చి బెంచీ రెండో చివర కూర్చున్నాడు. పలకరింపుకి వెళ్ళినప్పుడు చేతిలో ఏదీ పట్టుకెళ్ళకూడదు, పండు కూడా. వాసుదేవరావు ఒళ్ళో రెండు కిలోల మాంసం ఉంది. కింద పెట్టడానికి చోటు వెతికి, కనపడక, అలాగే ఉంచుకున్నాడు.

రామచంద్ర ముసలివాళ్ళ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆగస్టులో ఆకలి లేదంది. ఎండాకాలం వస్తే సర్దుకుంటుందిలే అన్నాను. ద్వారకానాథ్ పరీక్షలు చేయించుకోమని రాసిచ్చాడు. రిపోర్టులు పట్టుకుని వాడే ఇంటికొచ్చాడు, అప్పుడే తెలిసిపోయింది నాకు. డాక్టరు ఇంటికొస్తే ఏం బాగుంటుంది?"

"ఊఁ."

"ఆస్పత్రి వద్దంది. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాను. మొదటి వారం కూర్చునేది. రెండో వారం..." గడ్డం రుద్దుకున్నాడు. "రెండో వారం నిన్నడిగింది."

వాసుదేవరావు పళ్ళెం అంచు పట్టుకున్నాడు.

"'వాసన్నయ్యకి ఫోన్ చెయ్యండి, ఓసారి చూడాలనుంది' అంది. సరే చేస్తానన్నాను. సాయంత్రం అడిగితే, చేశాను, ఎత్తట్లేదన్నాను. చెయ్యలేదు."

మైదానంలో ఎవరో మంచి బంతి వేశారు. చిన్నగా చప్పట్లు కొట్టారు.

"నాలుగ్రోజులాగి మళ్ళీ అడిగింది. అప్పుడు..." రామచంద్ర గొంతు మామూలుగానే ఉంది, పవర్ స్టేషన్లో ఏదో యంత్రం ఎందుకు ఆగిపోయిందో చెబుతున్నట్టు. "మాట్లాడాను, రానన్నాడు అని చెప్పాను."

"రానన్నానని చెప్పావా?"

"చెప్పాను. నాకు నీమీద కోపంరా. నువ్వే ముందు రావాలని ఉండేది. నిన్ను పిలిస్తే నేనోడిపోయినట్టు. మా ఆవిడ చచ్చిపోతోంది, నేను లెక్కలు చూసుకుంటున్నాను."

వాసుదేవరావు ఒక బంతి దొర్లి ఆగేదాకా చూశాడు. తర్వాత అడిగాడు.

"ఏమంది?"

"'పోనీలెండి, అన్నయ్యకి మొహమాటం. మనసులో ఏమీ ఉండదు' అంది. మళ్ళీ అడగలేదు."

పళ్ళెంలో కరిగిన మంచు అంచు దాటి వాసుదేవరావు ప్యాంటు మీదికి కారుతోంది. ఆయన చూసుకోలేదు. లేచి కొట్టాలనిపించింది. రామచంద్రకి వదులైపోయిన ఆ కాలరు పట్టుకుని ఊపాలనిపించింది. కొట్టాక ఎవరికి చెప్పుకోవాలి? ఆవిణ్ణి ఎరిగినవాడు, వేడి బజ్జీల వాసనతో సహా ఎరిగినవాడు, ఈ బెంచీకి ఆ చివరున్న మనిషి ఒక్కడే. ఫోన్ రాకపోయినా తనైనా వెళ్ళుండొచ్చు. జబ్బు సంగతి ఉదయలక్ష్మి మొదటివారమే చెప్పింది. ఆ మాట రామచంద్ర అనలేదు. అంటే బాగుండేది.

తలుపు తెరిచి కరోలిన్ తల బయటికి పెట్టింది. "రామ్! యూ ఆర్ ఆన్, లవ్. నీ బ్లైండే."

"కమింగ్" అన్నాడు రామచంద్ర. కదల్లేదు. "ఏదైనా అనరా" అన్నాడు.

పలకరించడానికి వచ్చినవాడు అడగవలసినవి కొన్నుంటాయి. ఏం చెయ్యాలో తోచనప్పుడు మనిషికి అవే దిక్కు.

"ఏ రోజు పోయింది?"

"గురువారం."

"ఎన్ని గంటలకి?"

"తెల్లారగట్ల. చెత్త బండి వచ్చే రోజు. బిన్ రోడ్డుమీద పెట్టి లోపలికొచ్చేసరికి అయిపోయింది. రెండు నిమిషాలు."

"ఆఖర్న బాధపడిందా?"

"లేదు. మందులిచ్చారు. బాధపడలేదు."

"అంతేలే" అన్నాడు వాసుదేవరావు. "అదే నయం. వెళ్ళు, నీ ఆట పోతుంది."

రామచంద్ర లేచాడు. ఒక అడుగు ఇటు వేసి, ఆగి, లోపలికి వెళ్ళాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

ఆ మాంసం చివరికి లారీ డ్రైవరుకి ముట్టింది. అతను ఎనిమిదో స్థానంలో ఓడి, తనకొచ్చిన చికెన్ పట్టుకుని బస్టాపు మీదుగా వెళ్తూ కనిపించాడు. ఎందుకిస్తున్నావని అడిగి, భుజం తట్టి తీసుకున్నాడు. "ఇంకోసారి రాజులొస్తే వదలకు, మేట్" అన్నాడు.

ఇంటికి చేరేసరికి ఐదున్నర. ఉదయలక్ష్మి వాకిట్లోనే ఉంది.

"పలకరించారా?"

"ఆఁ."

"అమ్మయ్య." ఆవిడ నిజంగానే గుండెమీద చెయ్యేసుకుంది. "ఏమన్నాడు?"

"చెప్పాడు. అంతా మొదట్నించీ చెప్పాడు. ఆఖర్న బాధపడలేదట."

"పాపం. మిమ్మల్నేమైనా తలుచుకుందటా? నాకెప్పుడూ అదే అనిపిస్తుంది. అన్నయ్యా అన్నయ్యా అని ప్రాణం పెట్టేది కదా. అడిగిందటా?"

వాసుదేవరావు వంగి బూట్ల లేసులు విప్పుకున్నాడు. ఎడమది ముడిపడింది. చాలాసేపు పట్టింది.

"లేదు" అన్నాడు. "స్పృహ లేదట. ఎవర్నీ అడగలేదట."

ఉదయలక్ష్మి "పోనీలెండి, అదీ ఒకందుకు మంచిదే" అంది. "స్నానం చెయ్యండి."

"ఎనిమిది నెలలైంది. ఇప్పుడు స్నానమేమిటి?"

"చెయ్యండి."

ఆయన లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నాడు. వాళ్ళింట్లో వేడినీళ్ళ ట్యాంకు నూట పాతిక లీటర్లది. ఇద్దరు స్నానాలు చేసి గిన్నెలు కడిగినా ఇంకా మిగులుతాయి. ఆ సాయంత్రం ఉదయలక్ష్మి వంటింట్లో కుళాయి తిప్పితే చన్నీళ్ళు వచ్చాయి. బాత్రూంలో మాత్రం నీళ్ళు పడుతున్న చప్పుడు ఇంకా ఆగలేదు. ఆవిడ తలుపు దగ్గరకి వెళ్ళి, పిలుద్దామని చెయ్యెత్తి, దించుకుని, బియ్యం కడగడానికి వెళ్ళింది.